చిన్న మొదలాళి బంతి

చిన్న మొదలాళి విసిరిన బంతి ఆ సాయంత్రం కూడా తిరగలేదు. నూనె పూసిన చెక్క లేను మీద తిన్నగా జారిపోయి, చివర సీసాల్లా నిలబడ్డ పిన్నుల్లో ఓ పక్కవి కొన్నిటిని పడగొట్టి, మిగతావాటిని పలకరించకుండానే చీకటి గోతిలోకి దూకింది.

"ఏంటిది శివరామన్? కొన్నప్పుడు చివర్లో కొట్టినట్టు లోపలికి తిరిగేది. ఇప్పుడు ఎడ్లబండిలా పోతోంది," అన్నాడు చిన్న మొదలాళి తమిళంలో.

"నూనె తాగేసింది సార్. నా దగ్గర వదిలేసి వెళ్ళండి, నేను చూస్తాను," అన్నాడు శివరామన్, అతనూ తమిళంలోనే.

మొదలాళి అంటే యజమాని. పెద్ద మొదలాళికి విరుదునగర్‌లో పప్పుల గోదాములున్నాయి. సింగపూరులో చదువుకుని వచ్చిన కొడుక్కి పప్పుల వాసన పడలేదు. మదురై రోడ్డు మీద ఒక క్లబ్బు కట్టి, అందులో ఏసీ పెట్టి, రెండు లేన్ల బౌలింగ్ హాలు తెరిచాడు. ఊళ్ళో సగం మందికి అక్కడ ఏం ఆడతారో తెలియదు, మిగతా సగం మంది ఏసీ కోసం వస్తారు. హాలు పెత్తనం శివరామన్‌ది. చెన్నైలో శిక్షణ తీసుకుని వచ్చాడు కాబట్టి చొక్కా మీద పేరు కుట్టిన యూనిఫారం కూడా ఉంది.

వచ్చేపోయే వాళ్ళు ఆడే బంతులు గట్టి ప్లాస్టిక్‌వి. వాటికి ఎండా లేదు వానా లేదు, పడేసినా పగలవు. చిన్న మొదలాళి బంతి అలాంటిది కాదు. నల్లటి నలుపులో నీలం సుడులు, పైన మెత్తటి రెసిన్ పొర. ఆ పొర నేలను పట్టుకుంటేనే బంతి తిరుగుతుంది. కానీ ఆ పొరే లేను మీది నూనెను పీల్చుకుంటుంది. పీల్చుకున్నాక ఇక పట్టూ ఉండదు, తిరుగుడూ ఉండదు. ఆయుధపూజ మర్నాడు మదురై నుంచి ఆటగాళ్ళు పోటీకి వస్తున్నారు. వాళ్ళ ముందు ఈ బంతి ఎడ్లబండిలా పోతే చిన్న మొదలాళి పరువు కూడా దానితోపాటే గోతిలో పడుతుంది.

మర్నాడు పొద్దున శివరామన్ ఆ బంతిని స్పిరిట్‌తో తోమాడు. గుడ్డ నల్లబడింది గానీ బంతి జిడ్డు పోలేదు. బంతిని రెండు చేతులా పొదివి పట్టుకుని మిద్దె మీదికి వెళ్ళాడు. అక్కడ పట్టమ్మాళ్ నేల తుడిచే గుడ్డలు ఉతికి ఆరేస్తోంది. శివరామన్ వెనక్కి తిరిగి మెట్ల వైపు చూశాడు. ఎవరూ లేరు.

"అత్తా," అన్నాడు మెల్లగా, తెలుగులో. "దీని నూనె పోనంటాది."

కింద హాల్లో అయితే ఆమె అతనికి 'ఆయా'. అక్కడ ఊడ్చి తుడిచే మనిషిని అందరూ అలాగే పిలుస్తారు. సొంతూరు కోవిల్‌పట్టిలో ఆమె అతని నాన్నకు సొంత అక్క, ఎదురింటి మనిషి.

"యెందుకురా అట్ల తోమి తోమి సస్తావు? యెండన పెట్టు. నూనె దానంతట అదే పైకి వొస్తాది."

"యెండన పెట్టకూడదత్తా. చెన్నైలో సెప్పినారు."

"తీపెట్టి ఆఫీసులో యేది తడిసినా, యేది అంటుకున్నా యెండనే గదా పెట్టేది? రొంతసేపు పెట్టి సూడు. నేను ఈడనే ఉంటా."

కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కార్ఖానాను తీపెట్టి ఆఫీసు అంటారు. అందులో సగం జీవితం గడిపిన పట్టమ్మాళ్‌కు ఎండ ఒక సామాను. చీపురు, చాట, ఎండ. చెన్నైలో శిక్షకుడు చెప్పింది శివరామన్‌కు గుర్తుంది. బంతిని ఎండలో పెట్టకు, కారు డిక్కీలో వదలకు, కాలిన దాన్ని ఒక్కసారిగా చల్లబెట్టకు, చల్లబడ్డ దాన్ని ఒక్కసారిగా వేడి చెయ్యకు, నువ్వు చొక్కా వేసుకుని హాయిగా కూర్చోగలిగిన గదిలోనే అదీ ఉండాలి. గుర్తుండీ బంతిని ఆమె చేతికిచ్చాడు.

ఆమె ఒక గుడ్డను మెలితిప్పి, నీళ్ళ బిందె కింద పెట్టే చుట్టకుదురులా చేసి, దాని మీద బంతిని కూర్చోబెట్టింది. దసరా ముందరి పురట్టాసి నెల, పొద్దుటెండ ఇంకా మెత్తగానే ఉంది. కొంతసేపటికి బంతి ఒంటి నిండా సన్నగా చెమట పట్టింది. పాత పంచె ముక్కతో ఆమె దాన్ని అద్దింది, రుద్దలేదు. కొంచెం తిప్పి రెండో వైపు ఎండకు పెట్టింది. అరచెయ్యి ఆనించి చూసుకుని, కాలుతోంది అనిపించగానే నీళ్ళ ట్యాంకు నీడలోకి జరిపింది. అక్కడ ఆరనిచ్చి మళ్ళీ ఎండకు జరిపింది. మధ్యలో గుడ్డలు ఆరేసుకుంది, ఒక దిక్కున కూర్చుని వక్క నమిలింది. ఎండ ముదరకముందే ఇక చాలని బంతిని లేపేసింది.

ఆ సాయంత్రం బంతి లేను చివరిదాకా బయటి అంచున పోయి, అక్కడ ఏదో గుర్తొచ్చినట్టు గిరుక్కున లోపలికి తిరిగింది. పిన్నులన్నీ ఒక్క దెబ్బకు పడ్డాయి. చిన్న మొదలాళి ఎగిరి గంతేశాడు.

"ఏం చేశావయ్యా?"

"ఒక టెక్నిక్ సార్."

"చెన్నైలో నేర్పారా?"

"అవును సార్."

"శివరామన్ టెక్నిక్!" అని చిన్న మొదలాళి అతని భుజం చరిచాడు. క్లబ్బు మేనేజరు మాయాండి, ఎవరు నవ్వితే వాళ్ళతో నవ్వే మనిషి, "ఇంజనీరు కావలసినవాడు సార్, మన అదృష్టం కొద్దీ ఇక్కడున్నాడు," అన్నాడు. పట్టమ్మాళ్ పక్కనే కుర్చీల కింద తుడుస్తోంది. ఆమెకు తమిళం రాక కాదు. ప్రతి మాటా వింది. శివరామన్ ఓరకంట చూశాడు. ఆమె తల వంచుకుని నవ్వుకుంటోంది, బళ్ళో బహుమతి తెచ్చుకున్న పిల్లవాణ్ణి చూసినట్టు. శివరామన్‌కు చిన్నగా సిగ్గేసింది. ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు. పొగడ్త కడుపు నిండుగా ఉంది మరి.

ఊరికి వెళ్ళే బస్సులో ఆమె ముందు ఆడవాళ్ళ సీట్లలో కూర్చుంటుంది, అతను వెనకాల. విరుదునగర్ ముఖాలన్నీ సాత్తూరులో దిగిపోతాయి. అక్కడి నుంచి అతను లేచి ముందుకొచ్చి ఆమె పక్కన కూర్చుని తెలుగు మాట్లాడతాడు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఇదే పద్ధతి. ఎవరూ పెట్టమనలేదు, అతనే పెట్టాడు. ఇంట్లో తెలుగు మాట్లాడతామని ఒకసారి చెబితే రెండో ప్రశ్న ఏ కులపు తెలుగు అని వస్తుంది. ఆ రెండో ప్రశ్న అడిగేటప్పుడు మనుషుల కళ్ళు ఎలా కిందికీ మీదికీ కదులుతాయో అతనికి తెలుసు. దాని జవాబు విన్నాక మంచినీళ్ళ గ్లాసు ఎలా దూరం జరుగుతుందో కూడా తెలుసు.

"నీ పేరు సెప్పుండాల్సిందత్తా," అన్నాడు ఆ రోజు.

"నా పేరు యెందుకురా? ఇద్దరు వేల సేసే తావున ఒకరికి పేరు వొస్తే సాలదా?" అని, పనిని వేల అనే తమ ఇంటి తెలుగులో అంటూ, ఆమె వేరుశనగ మిఠాయి పొట్లం విప్పి సగం అతని చేతిలో పెట్టింది.

ఆయుధపూజ రోజు క్లబ్బులో ఆట లేదు. ఆ రోజు పనిముట్లకు విశ్రాంతి. పొద్దున్నే అన్నిటినీ కడిగి, తుడిచి, గంధం కుంకుమ పెట్టి, దేవుడి ముందు ఉంచి పూజ చేస్తారు. పూజ అయ్యాక వాటిని మర్నాటిదాకా ఎవరూ ముట్టుకోరు. గోదాములో కాటాకు ఎలాగో, లారీ స్టీరింగుకు ఎలాగో, పిన్నులు నిలబెట్టే మిషనుకూ అలాగే. ఆ ఒక్క విషయంలో చిన్న మొదలాళి సింగపూరు చదువు నోరు మూసుకుంది. పెద్ద మొదలాళి స్వయంగా వస్తున్నాడు.

పట్టమ్మాళ్ ప్లాస్టిక్ బంతులన్నిటినీ పసుపు నీళ్ళతో కడిగి వరసలో పెట్టింది. గుమ్మంలో ముగ్గు వేసి, మామిడాకులు కట్టింది. ముందు రోజు సాయంత్రమంతా చిన్న మొదలాళి సాధన చేశాడు కాబట్టి నల్ల బంతి మళ్ళీ జిడ్డు పట్టింది.

"రేపు ఆట. ఆ టెక్నిక్ ఇంకొక్కసారి," అని ఫోనులో చెప్పాడు.

శివరామన్ ఈసారి అత్తను అడగలేదు. ఆమె చేతిలో పని ఉందని తనకు తాను చెప్పుకున్నాడు. నిజానికి తన పేరు పెట్టిన టెక్నిక్‌ను ఇంకొకరి చేత చేయించుకోవడం అతనికి నామోషీ అనిపించింది. తనే బంతిని మిద్దె మీదికి తీసుకుపోయి, చుట్టకుదురు ఊసు లేకుండా, కాంక్రీటు మీదే గోడ వారగా పెట్టి కిందికొచ్చాడు. రెండు అరటి పిలకలు కట్టాలి, మిషనుకు గంధం బొట్లు పెట్టాలి, కరెంటు మనిషిని పట్టుకోవాలి. పనిలో పడి బంతి సంగతి మరిచిపోయాడు.

మేనేజరు మాయాండి కేక వేసేసరికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. "శివరామన్! పెద్దాయన కారు బయల్దేరింది. చిన్న మొదలాళి బంతి వరసలో మొదట ఉండాలి, ఎక్కడ?"

శివరామన్‌కు అప్పుడు గుర్తొచ్చింది. మెట్లు ఒక్క ఊపున ఎక్కాడు. బంతి నిప్పు కణికలా ఉంది, చేత్తో పట్టుకోవడానికి లేదు. చొక్కా విప్పి అందులో చుట్టి కిందికి తెచ్చాడు. గంధం పెడితే క్షణంలో ఎండి పెచ్చులుగా రాలిపోయింది. కుంకుమ నిలవలేదు. కారు హారను వినిపించింది.

ఏసీ కింద పెట్టాడు. చాల్లేదు. "ఆయా, కూలరు నీళ్ళు పట్టుకురా. చల్లవి. త్వరగా!"

పట్టమ్మాళ్ బకెట్ తెచ్చింది. బంతి వంక చూసి గొంతు తగ్గించి, "ఇంత కాగుండాది గదరా, రొంతసేపు నీడన పెట్టు," అంది తెలుగులో.

మాయాండి నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. శివరామన్ తల ఎత్తకుండా తమిళంలో, "చెప్పింది చెయ్యి," అన్నాడు. బకెట్ ఆమె చేతిలోంచి తనే లాక్కున్నాడు. బంతి మీద నీళ్ళు గుమ్మరించాడు.

టక్‌మని చిన్న చప్పుడు. పెసర కాయ ఎండకు చిట్లినంత చప్పుడు. ఇద్దరూ విన్నారు.

అతను బంతిని తిప్పి చూశాడు. బొటనవేలు పెట్టే రంధ్రం అంచు నుంచి వెంట్రుకలాంటి గీత ఒకటి పాకింది. గోటితో గీరాడు. గోరు ఆ గీతలో ఆగింది. గీత గదా, గీతే, పైపైనే, అనుకున్నాడు. గంధం గిన్నెలో వేళ్ళు ముంచి, ఆ రంధ్రం చుట్టూ దట్టంగా పట్టించి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టాడు. ఇప్పుడు గంధం చక్కగా నిలిచింది. పట్టమ్మాళ్ ఒలికిన నీళ్ళు తుడిచేసి బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

పూజ ఘనంగా జరిగింది. పెద్ద మొదలాళి బూడిద గుమ్మడికాయ పగలగొట్టించాడు, అందరికీ అటుకులు, శనగలు పంచాడు. ఏసీకి కూడా బొట్టు పెట్టి ఆపేశారు. తలుపులు మూసేశారు. ఆ వేడి గదిలో, ఎవరూ ముట్టకూడని బంతి, గంధం కింద తన గీతతో తెల్లవార్లూ ఉండిపోయింది.

విజయదశమి పొద్దున మదురై ఆటగాళ్ళు తమ తమ బంతుల సంచులతో దిగారు. ఏసీ పూర్తిగా తిప్పారు. చిన్న మొదలాళి తెల్ల టీషర్టు వేసుకుని, కళ్ళకద్దుకుని తన బంతిని ఎత్తాడు. తడిగుడ్డతో గంధం తుడిచాడు. తుడిచిన చెయ్యి ఆగిపోయింది.

వెంట్రుక గీత రాత్రికి రాత్రి దారమైంది. బొటనవేలి రంధ్రం నుంచి మొదలై రెండు వేళ్ళ రంధ్రాలను దాటి అవతలి వైపుకు పోయింది. వేలు దూర్చి నొక్కితే పొర కదులుతోంది.

మదురై వాళ్ళలో ఒకడు వంగి చూసి, "ఎండ దెబ్బ. ఎవరో కాల్చి చల్లార్చారు," అన్నాడు.

"ఎవరు ఎండలో పెట్టింది?" అన్నాడు చిన్న మొదలాళి.

జవాబు శివరామన్‌ది. నేను సార్ అనాలి. రెండు ముక్కలు. అనేస్తే అయిపోతుంది. యూనిఫారం మీద ఎర్ర దారంతో కుట్టిన తన పేరు అతనికి కనిపించింది. మాయాండి గేటు దగ్గరి వాచ్‌మన్‌ను పిలిచాడు. ఆ ముసలాయన, "ఆయా మిద్దె మీద ఈ బంతిని ఆరబెట్టడం చూశానయ్యా, మొన్నొక రోజు," అన్నాడు. అబద్ధమేమీ చెప్పలేదు.

అందరి చూపులూ పట్టమ్మాళ్ మీదికి తిరిగాయి. ఆమె చీపురు పట్టుకుని గోడవారగా నిలబడి ఉంది. ఒక్కసారి శివరామన్ వైపు చూసింది. అతను నేల చూపులు చూశాడు. ఆమె ఎంతసేపు చూసిందో అతనికి తెలియదు, తల ఎత్తే ధైర్యం లేదు.

"నేనే అయ్యా. తెలియక పెట్టాను," అంది తమిళంలో.

చిన్న మొదలాళి అరవలేదు. అరిచినా బాగుండేది. "ఈ మనుషులకు ఏం తెలుసు! వీళ్ళను లోపలికి రానివ్వడమే తప్పు," అన్నాడు, చేతులు తుడుచుకుంటూ. మదురై వాళ్ళు తలాడించారు. మాయాండి ఆమె చేతిలోని చీపురు లాక్కుని మూలకు విసిరాడు. "పో. రేపటి నుంచి రాకు."

ఆమె మిద్దె మీదికి వెళ్ళి తన సంచీ తెచ్చుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని, తను తుడిచిన నేల మీద నుంచే నడిచి బయటికి వెళ్ళింది. పోటీ ఆదివారానికి వాయిదా పడింది. చిన్న మొదలాళి శివరామన్ భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు మాత్రం ఏం చేస్తావులే, ఇలాంటి వాళ్ళతో," అన్నాడు. మాయాండి అందుకుని, "వాళ్ళు తమలో తాము ఏదో బాస మాట్లాడుకుంటారు సార్. తెలుగట. ఆ తెలుగు," అని పెదవి విరిచాడు. శివరామన్‌కు తల తీసేసినట్టయింది. అయినా తల అక్కడే ఉంది, ఊగింది కూడా.

ఇంటికి వెళ్ళేసరికి వీధిలో అంతా మామూలుగానే ఉంది. అదే అతనికి ఇంకా కష్టంగా తోచింది. శివరామన్ తల్లి రాక్కమ్మాళ్ అన్నం వడ్డిస్తూ, "మీయత్త వేలకి పోనన్నాదంట. మోకాలి నొప్పి అంట. పావం, వయసయిపోయింది గదా," అంది.

"ఆమే సెప్పిందా?"

"ఇంకెవరు సెప్పేది? నువ్వేమన్నా సెప్పి కూసోని సేసే వేల ఇప్పియ్యరా, నీ మాట ఇంటారు గదా ఆడ."

ముద్ద కంచంలోనే వదిలేశాడు. ఆకలి లేదని లేచాడు.

మర్నాడంతా ఎదురింటి వైపు చూడకుండా తిరిగాడు. కొళాయి దగ్గర ఎదురైతే ఆమె బిందె పక్కకు జరిపి, "నువ్వు పట్టుకోరా, బస్సుకి పొద్దుపోతాది," అంది, ఎప్పుడూ అనే మాటే. కోపంగా ఉంటే కాళ్ళ మీద పడొచ్చు. తిడితే పడొచ్చు. మామూలుగా ఉంటే మనిషి ఏం చేస్తాడు? హాల్లో ఆ రోజు కొత్త మనిషి ఎవరూ రాలేదు. చెత్త అలాగే ఉంది. శివరామన్ ఎవరూ లేనప్పుడు తనే ఊడ్చాడు. మాయాండి అడుగుల చప్పుడు వినగానే చీపురు దాచేశాడు. చీపురు దాచిన చేతులను చూసుకుని అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళాడు. పట్టమ్మాళ్ వాకిట్లో కూర్చుని చాట నిండా వేరుశనగ కాయలు ఒలుస్తోంది. మిఠాయి చేసేవాళ్ళు ఇచ్చిన పని. కాయ బొడ్డు మీద బొటనవేలు నొక్కి, చిటుక్కున విప్పి, గింజ చాటలోకి, పొట్టు ఒడిలోకి. అతను ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఒక గుప్పెడు కాయలు తీసుకుని తనూ ఒలవసాగాడు.

"అత్తా, తప్పు నాది."

"తెలుసు."

"నేను మాయాండి రూములో సెప్పేస్తా. రేపే."

కాయలు ఒలిచే చెయ్యి ఆగింది. "రూములో యెందుకురా? నన్ను రూములో అన్నారా?"

అతను చేతిలోని కాయను చిదిమేశాడు.

"వేల పోయింది, ఇంకో వేల వొస్తాది. సూడు, ఇది ఉండాది. వాండు యేమన్నాడు? ఈ మనుసులకి యేం తెలుసు అన్నాడు. నన్ను ఒక్కదాన్నే అనలేదు. మీ నాయన్ని అన్నాడు, మీయమ్మని అన్నాడు. ఆ మనుసుల్లో నువ్వు కూడా ఉండావు, వాండికి తెల్దు అంతే." ఆమె గొంతు పెరగలేదు. మళ్ళీ కాయ అందుకుంది. "నేనెందుకు నా మీద యేసుకున్నాను అని నన్ను అడగలేదు యెవరూ. తమ్ముని బిడ్డ గదా అని యేసుకున్నాను. అది వాండ్లకి తెలియాల. అందరి ముందర సెప్పు. బంతి పగలగొట్టింది నేను, ఇది మాయత్త అని సెప్పు. ఆ తర్వాత వాండ్లు వేల ఇచ్చినా సరి, ఇయ్యకపోయినా సరి."

"సెప్తానత్తా."

"నేనూ వొస్తా. తలుపు కాడ నిలబడుకోనుంటా."

"రా అత్తా. ఆదివారం ఆట కాడ అందరి ముందర సెప్తా. మాయత్త అనే సెప్తా."

ఆమె అప్పుడు అతని ముఖం చూసింది. పొట్టు అంటిన చేత్తో అతని గడ్డం పట్టుకుని వదిలేసింది. ఆ రాత్రి శివరామన్ రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు.

ఆదివారం బస్సులో సాత్తూరు దాటినా లేచి వెనక్కి పోకుండా విరుదునగర్ దాకా ఆమె పక్కనే కూర్చున్నాడు. దారి పొడుగునా మనసులో మాట కూర్చుకున్నాడు. బంతి ఎండలో పెట్టింది నేను. నీళ్ళు పోసింది నేను. గంధం పూసి దాచింది నేను. ఈమె మా నాన్న అక్క. తమిళంలో ఆ మాటలు ఇంకా చిన్నవి. కష్టమేమీ లేదు.

హాలు నిండుగా ఉంది. మదురై వాళ్ళు, ఊళ్ళో వ్యాపారులు, వాళ్ళ భార్యలు, ఐస్‌క్రీం కప్పులు. చిన్న మొదలాళి ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్న బంతితోనే గెలిచాడు. చప్పట్ల మధ్య మాయాండి అతని మెడలో దండ వేశాడు. పట్టమ్మాళ్ అద్దాల తలుపు దగ్గర, చెప్పులు బయట విడిచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడింది. శివరామన్ ఆమె వైపు చూసి తల పంకించి, ముందుకు నడిచాడు.

"సార్, ఒక మాట. అందరి ముందే చెప్పాలి."

చిన్న మొదలాళి నవ్వుతూనే తిరిగాడు. శివరామన్ చెప్పాడు. ఒక్క గుక్కలో, ఏదీ మింగకుండా చెప్పాడు. తన టెక్నిక్ తనది కాదని చెప్పాడు. ఎండలో మరిచిపోయింది తనేనని, కూలరు నీళ్ళు పోసింది తనేనని, పగులు మీద గంధం పూసింది తనేనని చెప్పాడు. చెప్పాక ఒళ్ళు తేలికపడింది. బంతి పగిలిన నాటి నుంచీ లేనంత తేలిక.

చిన్న మొదలాళి మెడలోని దండ సర్దుకున్నాడు. తర్వాత, గెలిచిన మనిషి కదా, పెద్దగా నవ్వాడు.

"చూశారా? అడక్కుండా వచ్చి ఒప్పుకున్నాడు. బంతి పోతే ఇంకోటి వస్తుంది. ఇలాంటి మనిషి దొరుకుతాడా?" అని చప్పట్లు కొట్టాడు. మదురై వాళ్ళు కొట్టారు. వ్యాపారుల భార్యలు కూడా కొట్టారు. శివరామన్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత మంది ఒకేసారి తనను అంత గౌరవంగా చూడటం అతను ఎరగడు.

మాయాండికి ఆ చప్పట్లు మింగుడుపడలేదు. "అంతా సరేనయ్యా. మరి ఆ ఆయా, చెయ్యని తప్పు తన మీద ఎందుకేసుకుంది?"

"అవును కదా," అన్నాడు చిన్న మొదలాళి. తలుపు దగ్గరున్న పట్టమ్మాళ్‌ను చూశాడు, మళ్ళీ శివరామన్‌ను చూశాడు. కళ్ళు పైనుంచి కిందికి కదిలాయి. "ఆమె నీకేమవుతుంది?"

మాట సిద్ధంగా ఉంది. నోటి చివర ఉంది. చప్పట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. అందరూ తన ముఖం వైపే చూస్తున్నారు, ఆ గౌరవం ఇంకా వాళ్ళ ముఖాల మీదే ఉంది. అత్త అంటే ఆ తర్వాతి ప్రశ్న వస్తుంది. దాని జవాబు వింటున్నప్పుడు ఆ ముఖాలు ఎలా మారతాయో అతనికి ఒక్కొక్కటిగా కనిపించింది.

"ఏమీ కాదు సార్," అన్నాడు. "మా ఊరి మనిషి. పాపం, భయపడి చెప్పి ఉంటుంది."

చిన్న మొదలాళి తల ఊపి, "సరే, మళ్ళీ పనిలోకి రమ్మను," అని స్నేహితుల వైపు తిరిగిపోయాడు. మాయాండి చిటిక వేసి ఆమెను లోపలికి పిలిచాడు.

"నీ అదృష్టం బాగుంది. శివరామన్ సారు నీ కోసం నోరు విప్పాడు. లేకపోతే నీకెవరున్నారు? సారుకు దండం పెట్టు."

పట్టమ్మాళ్ నడిచి వచ్చి శివరామన్ ఎదురుగా ఆగింది. అతను ఆమె ముఖంలో కోపం కోసం వెతికాడు, వెటకారం కోసం వెతికాడు. రెండూ లేవు. బస్టాండులో ఎవరో తెలియని మనిషిని చూసే చూపు ఉంది. ఆమె రెండు చేతులూ ఎత్తి జోడించింది.

వాళ్ళ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు చేతులు జోడించరు. జోడిస్తే చిన్నవాళ్ళకు ఆయుష్షు తగ్గుతుందంటారు. మాటవరసకు ఎవరైనా జోడించబోయినా, చిన్నవాడు ఉరికి ఆ చేతులు పట్టుకుని విడదీసి, అట్ల సేయొద్దత్తా, అంటాడు. శివరామన్ చేతులు లేవబోయాయి. లేపితే ఆ మాట అనాలి. చేతులు మళ్ళీ యూనిఫారం ప్యాంటుకు అంటుకుపోయాయి. ఎదురుగా ఆ జోడించిన చేతులు, బొటనవేళ్ళ గోళ్ళలో వేరుశనగ పొట్టు ఎర్రగా, అలాగే ఉన్నాయి. ఎవరూ వాటిని విడదీయలేదు. ఆమే దించుకుంది.

"నేనేం చెయ్యాలి సార్?" అని తమిళంలో అడిగింది.

మాయాండి చూస్తున్నాడు. ఏదో ఒకటి అనాలి.

"రెండో లేను దగ్గర ఐస్‌క్రీం ఒలికింది," అన్నాడు శివరామన్. "తుడువు."

ఆమె బకెట్ కోసం వెళ్ళింది.